మూడు గడులు, ఐదు గడులు

గురువారాలు నా గది బాయిలర్ పక్కన.
గోడమీద పోస్టరు: నీ భవిష్యత్తు నీ చేతిలో.
కింది మూల ఊడి వేలాడుతోంది,
రెండేళ్ళుగా అతికిద్దామనుకుంటున్నాను.

టామ్సిన్ డ్రూరీ వచ్చింది. పదహారేళ్ళు.
కోటు విప్పలేదు. గ్రిమ్స్‌బీ వాన కూడా
ఆమెతోపాటే కుర్చీలో కూర్చుంది.
"లా చదవాలి" అంది,
దాహమేసినవాళ్ళు మంచినీళ్ళడిగినట్టు.

రోజూ చెప్పేదే చెప్పాను.
చరిత్ర తీసుకో, సాహిత్యం తీసుకో,
బడిలోనే లా సబ్జెక్టు ఉంది కదా అని ఎగబడకు,
ఇష్టమైతే సరే, తప్పనిసరి కాదు,
వ్యాసం రాసే చెయ్యుంటే చాలు.
పదిహేడేళ్ళుగా ఇదే పాఠం. నాకే ఆవలింతలొస్తాయి.

మూడో గడి అప్పటికే నింపేసింది. కెమిస్ట్రీ.
ఎంత ఒత్తి రాసిందో
కింది కాగితం మీద కూడా అచ్చుపడింది.

"ఇదెందుకమ్మా, మార్కులు జారిపోతాయి.
మొన్నటి టెస్టులో నీకు..."
"నలభై ఒకటి" అంది. తడుముకోలేదు.

ఆ తర్వాత చెప్పింది, నాకు కాదు,
వేలాడుతున్న ఆ పోస్టరు మూలకి.

నాన్న కెల్విన్‌ది చేపల ఫ్యాక్టరీలో
గడ్డకట్టించే గదుల షిఫ్టు.
ఒక రాత్రి అమోనియా పైపు పగిలింది.
ఇప్పుడు మెట్లెక్కుతూ మధ్యలో ఆగుతాడు,
వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తాడు.
ఆ బూట్లకు లేసులే లేవు.

విచారణనాడు ఆమె వెనక బెంచీలో ఉంది.
కంపెనీ నిపుణుడు ఒక అంకె చదివాడు:
పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు,
పావుగంట సగటు,
హద్దు లోపలే.
నాన్న తరఫు ప్లీడరు మంచివాడే,
టై మీద సూప్ మరక, సంచిలో సగం తిన్న శాండ్‌విచ్.
ఆ అంకెను చూశాడు, తలూపాడు,
పేజీ తిప్పేశాడు.

"అక్కడ తిప్పకూడదు సార్.
మీటరు ఎక్కడుందో అడగాలి.
అమోనియా గాలికన్నా తేలిక, పైకి పోతుంది.
నాన్న నిచ్చెన మీదున్నాడు.
మీటరు నేలమీదుంది."

నాకు ఒళ్ళు జలదరించింది.
సాయంత్రం స్టాఫ్ రూములో
కెమిస్ట్రీ టీచరు ఒయెలారన్ గారికి చెప్పాను.
ఆవిడ టీ కప్పు దించి
"సగమే నిజం" అంది.
"అంత చలిలో అది పొగమంచులా ముందు నేలనంటుకుని పాకొచ్చు.
అటువైపు నిపుణుడికి ఆ సంగతి తెలుసు.
పిల్లకి తెలీదు.
అందుకే చదవనివ్వండి."

ఏడాదిన్నరకి మళ్ళీ అదే కుర్చీ, ఈసారి ఐదు గడులు.
నలభై ఒకటి యాభై ఎనిమిదయింది. డెబ్బై కాలేదు.
చేపల ఆర్డరు చీటీ వెనక
రైలు చార్జీలు, గది అద్దెలు, కూడికలు, కొట్టివేతలు.
నదికవతల హల్: బస్సులో ఇంటికి రావచ్చు.
లీడ్స్, షెఫీల్డ్.
డరమ్ రాసి, చెరిపి, మళ్ళీ రాసింది;
అక్కడ వేరే ప్రవేశ పరీక్ష కూడా రాయాలంది,
ఆ పరీక్ష పేరు పలకడమే ఇద్దరికీ సరిగ్గా రాలేదు.

ఓపెన్ డేకి వెళ్ళినచోటల్లా ఒకే ప్రశ్న అడిగిందట:
"అంకె అర్థం కాకపోతే ప్లీడరేం చెయ్యాలి?"
ఒకాయన నవ్వి, నిపుణుణ్ణి పిలవాలన్నాడు.
ఒకావిడ కాసేపాలోచించి
"ముందు, అర్థం కాలేదని పైకి చెప్పాలి" అంది.
ఆవిడ ఏ ఊరావిడో టామ్సిన్ నాకు చెప్పలేదు.
ఐదో గడి ఖాళీగా పట్టుకుని వెళ్ళిపోయింది.

నలభై ఒకటి చూసి
నేనూ పేజీ తిప్పబోయినవాణ్ణే.

తల్లిదండ్రుల సమావేశం పై అంతస్తులో.
మెట్లమీద నా ముందు ఒక మనిషి, వెడల్పాటి వీపు,
సగంలో ఆగి వంగాడు.
వెనక జనం.
నేనూ ఆగాను,
ముడి గట్టిగానే ఉన్న నా లేసు విప్పి
నెమ్మదిగా, చాలా నెమ్మదిగా
మళ్ళీ కట్టుకున్నాను.